నల్లగొర్రె యాడికి పోయింది?

గొర్లమంద ఒక్క తరంల తయారు కాదు. తాత దగ్గరున్న తల్లిగొర్ల కడుపున పుట్టినవి తండ్రికొస్తయి, వాటి పిల్లలే కొడుకు చేతికొస్తయి. గొల్లకురుమల ఇండ్లల్ల భూమి ఉన్నా లేకున్నా మందే తరతరాల ఆస్తి. ఏ గొర్రె ఏ తల్లి బిడ్డో మొఖం చూసి చెప్పే ముసలోళ్లు ఇంకా ఊర్లల్ల ఉన్నరు. గది చదువు కాదా?

ఆ మంద ఒకప్పుడు నల్లగుండేది. దక్కని గొర్రె. ముతక ఉన్ని, గట్టి కాళ్లు, కరువుకు ఓర్చే ఒళ్లు. ఏడాదికి రెండుసార్లు కత్తెర పడేది. ఆడోళ్లు ఉన్ని వడికితే మొగోళ్లు గుంటమగ్గం మీద గొంగడి నేసి చింతగింజల గంజి పెట్టెటోళ్లు. వానకు, చలికి, పండుకునేటందుకు అన్నిటికీ ఆ గొంగడే. కోతలైనంక రైతు చెల్కల మంద పెడితే ఆయనకు పెంట, కాపరికి గింజలు. మాంసం ఒక్కదాని మీద బతికిన కులవృత్తి కాదిది.

మరి ఎట్ల చెడింది? ఉన్ని కొనెటోడు లేకుండపోయిండు. అంగట్ల బరువున్న జీవానికే పైసలు. అధికారులు కూడా నెల్లూరు పొట్టేళ్లనే మెచ్చుకున్నరు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. తెచ్చి కలిపినంక కొన్ని ఈతలల్లనే మంద రంగు మారింది, కత్తెర చూరుల చేరింది. కాపరిని ఏమనగలం? ఆయనకు బిడ్డ పెండ్లి ఉంటది, అప్పు ఉంటది.

రాష్ట్రం వచ్చినంక 2017 జూన్‌ల గొర్ల పంపిణీ మొదలైంది. యూనిట్‌కు 20 గొర్లు, ఒక పొట్టేలు. 1.25 లక్షల ధరల కాపరి కట్టాల్సింది 31,250 రూపాయలు. 2019 పశుగణనల తెలంగాణ గొర్లు సుమారు 1.9 కోట్లు, దేశంలనే మొదటి స్థానం. సంతోషమే, గొల్లకురుమలను లెక్కల్లకు తీసుకున్న పథకమని ఒప్పుకుందాం. తర్వాత కాగ్ ఏం రాసిందో, 2024ల ఏసీబీ కేసులు ఎందుకైనయో అందరికీ ఎరుకే. అయితే పైసలు తిన్నోని సంగతి ఒకటైతే, అసలు ఆలోచనల్నే ఉన్న లోపం ఇంకొకటి. పక్క రాష్ట్రాల నుంచి లారీలల్ల దిగిన గొర్రెకు మన ఎండ తెల్వది, మన గడ్డి తెల్వది. 21 జీవాలను ఒక్కచోట తోలితే యూనిట్ అయితదిగని మంద కాదు.

ఇంకో ముచ్చట. గొర్రెనిచ్చినోళ్లు మేతనెందుకియ్యలేదు? బంచరాయి భూములు ప్లాట్లయినయి, పట్టాలయినయి. మిగిలిన బీట్ల మొక్కలు పెట్టి మందను రావొద్దన్నరు. పొద్దంత తిరిగినా కడుపు నిండని జీవం రాత్రి దొడ్ల అరుస్తనే ఉంటది. చదువుకున్న కొడుకు మంద వద్దంటే బద్ధకమని తిట్టుడెందుకు? వాడు చూసేది గడ్డి లేని బీడును.

మిగిలిన దక్కని మందలున్న ఇండ్లను వెతికి, ఆ పొట్టేళ్లకు మంచి ధర పెట్టి సర్కారే కొని, అడిగిన కాపరికి ఇయ్యాలె. ఉన్నికి కొనుగోలు ఉండాలె. అంతకన్నా ముందు, ఊరి బంచరాయి ఏ సర్వే నంబర్ల ఎన్ని ఎకరాలుండె, ఇప్పుడెంత మిగిలిందో పంచాయతీ గోడ మీద రాయమనండి. రాస్తరా?