యుద్ధపతకములు: లోహమా, చరిత్రయా?

మన గ్రామములలోను పట్టణములలోను పెక్కుకుటుంబముల పాతపెట్టెల యడుగున నొక వెండిబిళ్ల యుండుట కలదు. దాని కొకప్రక్కను అయిదవ జార్జిచక్రవర్తి శిరస్సును, రెండవప్రక్కను అశ్వారూఢుడగు పురుషుడును, 1914, 1918 అను సంవత్సరములును గానవచ్చును. ఇంటివారు దానిని కంసాలిచేత తూకము వేయింతురు. కానిచో పాతవస్తువుల వర్తకున కమ్ముదురు. బిళ్ల యంచును పరికించి చదువువా రరుదు. పొందిన సిపాయి సంఖ్యయు, హోదాయు, పేరును, పటాలమును ఆ యంచుననే ముద్రింపబడియున్నవి. పతకమునకు నిజమైన విలువ యచ్చటనే యున్నదని మా యభిప్రాయము.

పరప్రభుత్వము తన యవసరమునకై యిచ్చిన బిళ్లను స్వతంత్రులమైన మనమేల భద్రపఱుపవలెనని కొంద ఱడుగవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము పతకముల చరిత్రలోనే గలదు.

1799 మే 4వ తేదీని శ్రీరంగపట్టణము పడిపోయెను. టిప్పుసుల్తాను కోటలోనే పోరాడి మడిసెను. ఈస్టిండియా కంపెనీవా రా విజయమునకై యొక పతకము వేయించిరి. టిప్పు చిహ్నమగు పులిని బ్రిటిషు సింహము క్రిందబడవైచి యణచుచున్నట్లు దానిపై చిత్రించిరి. ఆ పతకమునే బంగారముతోను, బంగారుపూత పూసిన వెండితోను, వెండితోను, కంచుతోను, తగరముతోను ఐదువిధముల చేయించి హోదాననుసరించి పంచిరి. సేనానులకు బంగారము, సామాన్యసిపాయికి తగరము! కోటపైనుండి వచ్చిన గుండ్లు హోదా జూడలేదు; బహుమానము మాత్రము చూచెను. పైగా నా పతకములపై పొందినవారి పేర్లను చెక్కింపనేలేదు. నాటి చెన్నపట్టణపు సైన్యమున తెలుగుసిపాయిలు నుండిరి. తగరపుబిళ్ల నందుకొన్నవారు వారిలో నెవరెవరో బిళ్లను జూచి నేడెవ్వరును చెప్పజాలరు.

తరువాతికాలమున పేర్లు చెక్కుట యాచారమయ్యెను గాని భేదభావము పోలేదు. విక్టోరియాక్రాసు 1856లో నేర్పడినను, భారతసైన్యమునందలి మనవారి కది 1911 వఱకు దక్కునది కాదు. వారి శౌర్యమునకు 1837లో నేర్పఱచిన ‘ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్’ ప్రధానముగా నుండెను. 1914 అక్టోబరు 31న బెల్జియము రణరంగమున తోడివారందఱు కూలినను తుపాకిని విడువక పోరాడిన సిపాయి ఖుదాదాద్‌ఖానునకు విక్టోరియాక్రాసు లభించినది. భారతసైన్యపు దేశీయసైనికులలో దానిని మొదట పొందినవా డాతడే. ఆ మహాయుద్ధమునకై పదిలక్షలకు పైబడిన భారతీయులు సముద్రములు దాటిరి; డెబ్బదివేలకు పైగా మరణించిరి. యుద్ధాంతమున సైనికులకు వెండిపతకములును, కూలిదళములవారికి కంచుపతకములును ఇచ్చిరి. మోతలు మోసి దారులు వేసినవాని కష్టము వెండికి తగదని యెంచిరి కాబోలు!

కావున నీ పతకములు మనవారి ధైర్యమునకును, వారికి జరిగిన యవమానమునకును గూడ సాక్ష్యములు. పరదొరల కానుక యని కరగించినచో దొరతనమునకు వచ్చు నష్టమేమియు లేదు. మాసిపోవునది మనవాని పేరే. 1980లో వెండిధర విపరీతముగా పెరిగినప్పుడు ఇట్టి పతకము లనేకములు మూసలలో గలిసిపోయెను.

పతకములను సేకరించువారివలన నుపకారమును గలదు, అపకారమును గలదు. ఒకే సైనికుని పతకములను విడదీసి వేర్వేఱుగా నమ్మువారును, అంచు నాకురాయితో నొరసి పేరు చెరిపి వేఱొక పేరు చెక్కువారును చరిత్రకు ద్రోహులు. అంచుననున్న పేరును పతకపుపట్టికలతోను, పటాలముల చరిత్రలతోను, గెజిట్లతోను పోల్చి, యతడెచ్చట పోరాడెనో నిర్ణయించువాడు నిజమైన సంగ్రాహకుడు. ఇట్టి శోధన వ్యర్థము కాదు. లాహోరు మ్యూజియమున దాదాపు నూఱేండ్లు మూలబడియున్న దస్తరములనుండి, మొదటి ప్రపంచయుద్ధమున పాల్గొన్న 3,20,000 మంది పంజాబుసైనికుల వివరములు 2021లో వెలుగులోనికి వచ్చెను. తమ పూర్వులు యుద్ధమునకు బోయిరని వినుటయే గాని వేఱేమియు నెఱుగని కుటుంబములకు వారి జాడ దొరకినది.

మన తెలుగుజిల్లాలకై యిట్టి పని యెవరు చేయుదురు? పశ్చిమగోదావరి జిల్లాలో మాధవరమునకు ‘మిలటరీ మాధవర’ మనియే పేరు. తరతరములుగా సైన్యమునకు బిడ్డల నిచ్చిన గ్రామము లింకను గలవు. ఆ యిండ్లలోని పతకములను చదివి, పేర్లు వ్రాసికొని, పెద్దలు చెప్పుసంగతులు జతచేసినచో జిల్లాకొక పట్టిక సిద్ధమగును. ఇందుకు కావలసినది ధనముకంటె శ్రద్ధ. నూఱేండ్లు నిండిన చారిత్రకవస్తువులను 1972నాటి శాసనము పురావస్తువులుగా పరిగణించుచున్నది. ప్రైవేటువారు వానిని విదేశముల కంపరాదని నిషేధించుచున్నది. కాని యింటిపెట్టెను కాపాడవలసినది యింటివారే.

1950 జనవరి 26న స్వతంత్రభారతము పరమవీరచక్రమును నెలకొల్పినది. మేజరు సోమనాథశర్మకును, నాయక్ జదునాథసింగునకును మరణానంతర మిచ్చినది ఒకే కంచుచక్రము. శ్రీరంగపట్టణపు తగరమునకు మన గణతంత్ర మొసగిన ప్రత్యుత్తర మిదియే. ఆ తగర మందుకొన్నవారి పేర్లు బిళ్లపై నెన్నడును లేవు. పెట్టెయడుగుననున్న వెండిబిళ్లపై పేరున్నది. దానిని తూకమునకు వేయకముందు అంచును చదువుడని మా విన్నపము.