పట్టు ఇద్దరిది
2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ 12వ సీజన్ విశాఖలోనే మొదలైంది. తెలుగు టైటాన్స్ ఆటకు వచ్చినవాళ్ల కళ్లన్నీ కూతకెళ్లేవాడి మీదే. నా పట్టింపు మాత్రం చేయీ చేయీ కలిపి నిలబడే కార్నర్, కవర్ డిఫెండర్ల గురించి. కార్నర్ రెయిడర్ కాలికి దూకిన క్షణంలోనే కవర్ కూడా అతని మీద పడకపోతే, అతను గీత తాకి పాయింటు పట్టుకుపోతాడు. పేరు ఒకరికే వచ్చినా పొరపాటు ఇద్దరిదీ. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కూ, అందుకునే రిసీవర్‌కూ ఉన్న లెక్క ఇదే. ఇలాంటి జోడీ కుదరడానికి సమయం కావాలి; అందుకే మన కాలేజీ కబడ్డీ జట్లను టోర్నీకి ముందు హడావిడిగా ఎంపిక చేసి పంపడం పిల్లలకు అన్యాయం. నెల ముందే శిబిరం పెట్టాలి. తప్పిన ప్రతి పట్టు తర్వాతా, కోచ్ నోరు విప్పకముందే, "నేనే ఆలస్యమయ్యానురా" అని జోడీతో చెప్పేంత చనువు అక్కడ కుదరాలి.