కళాశాల ప్రవేశానికి తొమ్మిదవ తరగతియే తొలిమెట్టు

పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాటి నుండి మన నగరంలో ఏటేటా ఒక తతంగం ఆరంభమవుతుంది. ఏ గ్రూపు, ఏ కళాశాల అన్న ప్రశ్న ఆనాడే ఇంటింటా పుడుతుంది. వారం తిరుగకముందే ప్రక్కింటివారి సలహాతోనో, గోడమీది ర్యాంకుల ప్రకటనతోనో జవాబు కూడా దొరికిపోతుంది. భావిజీవితాన్ని నిర్ణయించే విషయం ఇంత తొందరలో తేలిపోవడం సమంజసం కాదని నా అభిప్రాయం. ఉన్నత విద్యకు సన్నాహం తొమ్మిదవ తరగతిలోనే ఆరంభం కావలె.

అంత చిన్న వయస్సులో పిల్లలకేమి తెలుసునని పెద్దలు ఆక్షేపించవచ్చును. పిల్లలకు తెలియకపోవచ్చు గాని, ప్రభుత్వ నియమాలకు మాత్రం ఆ వయస్సుతోనే నిమిత్తమున్నది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి సీట్లలో 85 శాతం స్థానికులకు చెందుతాయి. ఇంటర్మీడియెట్‌తో ముగిసే నాలుగు విద్యాసంవత్సరాలు వరుసగా ఈ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. వెనుకకు లెక్కించి చూడండి: వానిలో మొదటిది తొమ్మిదవ తరగతి! నడుమ ప్రాంతం మారినవారికి ఏడేండ్ల లెక్క ఉన్నది. అందుకే కౌన్సెలింగులో ఆరవ తరగతి మొదలుకొని స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నౌకాదళం, ఓడరేవు, ఉక్కు కర్మాగారాల కొలువులకై కుటుంబాలు వచ్చిపోయే ఈ విశాఖలో మూడు పాఠశాలలు మారిన విద్యార్థి వింత కాడు. వీధి చివరి చిన్న కాన్వెంటు మూతపడిన పిమ్మట దాని సర్టిఫికెట్టు కోసం ఎవరి గుమ్మం ఎక్కవలె?

ఇంతకంటె చిన్నదిగా కనిపించి, ఇంతకంటె ఎక్కువ బాధించేది మన పేర్ల సంగతి. షేక్ అన్న మాటకు ఆంగ్లంలో మూడు నాలుగు వర్ణక్రమాలు. మహమ్మద్‌కు అంతకంటె ఎక్కువ. (ఈ విషయంలో మనవారి ఔదార్యానికి హద్దులు లేవు.) ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి, తండ్రి రేషను కార్డులో వేరొకటి. పదవ తరగతి నామినల్ రోల్సు బోర్డుకు వెళ్ళకముందే సరిచేసుకొన్నవారికి అది ఒక పూట పని. మార్కుల మెమో అచ్చయిన తరువాత అదే నెలల తరబడి తిరుగుడు.

రిజర్వేషన్ల విషయంలోనూ అపోహలు తక్కువ కావు. 2007 చట్టం ముస్లిములలోని కొన్ని వర్గాలకు బి.సి.-ఇ పేర 4 శాతం కల్పించింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది అమలులో కొనసాగింది. అయితే సయ్యదులు, పఠానులు, మొగలులు అందులో చేరరు. వారిలో అల్పాదాయవర్గాలకు 2019 రాజ్యాంగ సవరణ తెచ్చిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటా ఉన్నది, దాని ధ్రువపత్రం మాత్రం ఏటేటా క్రొత్తగా పొందవలసినది. తన కుటుంబం ఏ వర్గంలోనిదో కౌన్సెలింగు నాడు తెలుసుకొన్న విద్యార్థికి ఆ తెలివిడి వలన ప్రయోజనమేమి?

ఉర్దూ మాధ్యమంలో చదివే సోదర సోదరీమణులకు ఒక మాట. నీట్ పరీక్షను 2018 నుండి, జె.ఇ.ఇ. మెయిన్‌ను 2021 నుండి ఉర్దూలో వ్రాసే అవకాశం కలిగింది. హైదరాబాదులో 1998లో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఆ భాషలోనే అందిస్తున్నది. అసలు అందరూ ఎం.పి.సి. వైపే పరుగులు తీయడం నాకు నచ్చదు. పదవ తరగతి తోనే పాలిసెట్ వ్రాసి డిప్లొమాలో చేరవచ్చును. వాణిజ్యశాస్త్రం చదివినవారికి 1933 నుండి ఓడలు వచ్చిపోతున్న ఈ రేవులో ఎగుమతి దిగుమతుల కార్యాలయాలెన్నో ఉన్నాయి. ఈ దారులను చూపేవారు లేకనే పిల్లలు గుంపును అనుసరిస్తున్నారు.

రేవులో మూటలు మోసే తండ్రికి, ఇంటింటా పనిచేసే తల్లికి ఈ కాగితాల లెక్కలు తెలియవలెననడం న్యాయం కాదు. అది విద్యావంతుల బాధ్యత. కనుక మన కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపమిది: డిగ్రీ విద్యార్థులను ఇద్దరిద్దరు చొప్పున సమీపంలోని ఉన్నత పాఠశాలలకు శనివారాలలో పంపండి. తొమ్మిది, పది తరగతుల పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, సర్టిఫికెట్లు ఒక్కొక్కటిగా సరిచూడనివ్వండి. వ్యయం బస్సు చార్జీలు, కొన్ని ఫైలు కవర్లు మాత్రమే. ఆగస్టులో ఆరంభిస్తే నామినల్ రోల్సు వెళ్ళేలోగా పని ముగుస్తుంది.