‘విశేషమేమైనా ఉందా?’ అని అడిగే ముందు

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో పెళ్లయిన కొద్ది నెలలకే కొత్త కోడలిని పలకరించే ప్రశ్న ఒకటి ఉన్నది: ‘విశేషమేమైనా ఉందా?’ దానిని ప్రేమతో అడిగేవారే ఎక్కువ. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్రశ్నే ఆరోపణగా మారుతుంది. పెళ్లయి ఐదేళ్లయింది, ఆరేళ్లయింది అని లెక్కపెట్టేవారు, ఆ ఏళ్లలో భర్త ఇంట ఉన్న రోజులెన్నో మాత్రం లెక్కపెట్టరు. ఈ నెల మేము ఆ లెక్కతోనే మొదలుపెట్టదలచాము.

పాత కడప జిల్లా నుండి కువైట్‌కు వలస పోవడం దశాబ్దాలుగా సాగుతున్నది. డ్రైవర్లుగా, వంటవారిగా పురుషులు వెళ్తున్నారు. ఇంటిపనికి స్త్రీలూ వెళ్తున్నారు. కుటుంబాన్ని వెంట ఉంచుకోగలిగిన జీతం కొందరికే దక్కుతుంది. మిగిలినవారు చుట్టీ కోసం ఎదురుచూడవలసిందే. రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు దొరుకుతుందని అనుకుందాం. అప్పుడు ఆరేళ్ల కాపురంలో దంపతులు కలిసి ఉన్నది ఆరు నెలలు. పదేళ్ల కాపురంలో పది నెలలు.

ఇప్పుడు వైద్యుల లెక్క చూడండి. ప్రతి నెలసరి చక్రంలో గర్భం నిలిచే అవకాశమున్న రోజులు దాదాపు ఆరు మాత్రమే. విడుదలైన అండం ఒక రోజుకు మించి బ్రతకదు. పురుషుని వీర్యకణాలు అయిదు రోజుల వరకు బ్రతకగలవు. రెండు నెలల చుట్టీలో అటువంటి రోజులు పన్నెండు. ఆ పన్నెండులోనే బంధువుల ఇళ్ల దావత్‌లు, చెల్లెలి పెళ్లి పనులు, బ్యాంకు, రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూ తిరగడాలు అన్నీ ఉంటాయి. గర్భనిరోధక మార్గమేదీ పాటించకుండా దంపతులు పన్నెండు నెలలు కలిసి కాపురం చేసినా గర్భం రానప్పుడే దానిని సంతానలేమిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. అంటే, ఆరేళ్లుగా పిల్లలు లేరని మనం వేలెత్తి చూపే అనేకమంది సోదరీమణుల విషయంలో ఆ గడువులో సగమే పూర్తయింది. ‘గొడ్రాలు’ అన్న మాట ఎంత అన్యాయమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కాని శరీరానికి మరొక క్యాలెండర్ ఉన్నది. అది చుట్టీల కోసం ఆగదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమె అండాశయాలలో పది నుండి ఇరవై లక్షల అండాలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. కొత్తవి పుట్టవు. ముప్పయ్యవ ఏడు దాటిన తర్వాత గర్భం దాల్చే శక్తి మెల్లగా, ముప్పయ్యయిదు దాటిన తర్వాత వేగంగా తగ్గుతుంది. ఇరవై రెండేళ్లకు నికాహ్ అయి, ‘ముందు ఏజెంటు అప్పు తీరనీ, తర్వాత మిద్దె కట్టనీ, తర్వాత చెల్లెలి పెళ్లి కానీ’ అంటూ అయిదారు చుట్టీలు దాటవేస్తే ఆమెకు ముప్పయి మూడు, ముప్పయి నాలుగు వస్తాయి. ఈ కారణాలలో ఏదీ అల్పమైనది కాదు. వాన మీద నమ్మకం లేని మెట్ట నేల నుండి బయలుదేరినవారు ఇల్లు కట్టుకోవాలని కోరుకోవడం తప్పు కాదు. మిద్దెను రెండేళ్లు ఆలస్యంగానైనా కట్టుకోవచ్చు. సంతానానికి ఆ వెసులుబాటు అన్నివేళలా ఉండదన్న సంగతి మాత్రం దంపతులకు ముందుగా తెలిసి ఉండాలి.

ఇక కర్నూలు పడమటి సీమకు వెళ్దాం. కోసిగి, మంత్రాలయం, ఆలూరు ప్రాంతాల నుండి ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, గుంటూరు వైపు మిరప, పత్తి చేలకు కదులుతాయి. ఎదిగిన ఆడపిల్లను ఇంట ఒంటరిగా వదలలేక, గుడారాలలో ఉంచలేక తొందరపడి పెళ్లి చేసే తల్లిదండ్రులు ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుండి ఇరవై నాలుగేళ్ల వయసు గల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. అదే సర్వేలో, పిల్లలను కనే వయసులోని వివాహితలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. పాతికేళ్లు రాకముందే కాన్పులు ముగించి, ఆపరేషన్ కూడా అయిపోయిన స్త్రీ మన వీధులలో అపురూపమేమీ కాదు. అటువంటి చోట ఇరవై ఆరేళ్లకు తొలి కాన్పు అయినా ‘ఆలస్యమైంది’ అంటారు.

ఒకచోట మరీ తొందర, మరొకచోట మరీ ఆలస్యం. చూడడానికి ఇవి రెండు సమస్యలు. లోతుగా చూస్తే లోపం ఒక్కటే. రెండు చోట్లా నిర్ణయం ఆ దంపతులది కాదు. ఒకచోట సుగ్గి నిర్ణయించింది, మరొకచోట వీసా నిర్ణయించింది. రెండు చోట్లా ఆ స్త్రీని ఎవరూ అడగలేదు.

ఈ విషయంలో దివ్యఖుర్ఆన్ బోధ ఆలోచింపజేసేది. అల్ బఖరా సూరా 233వ ఆయతు బిడ్డకు పాలిచ్చే కాలాన్ని గురించి ప్రస్తావిస్తూ, రెండేళ్లకు ముందే పాలు మాన్పించదలచితే అది తల్లిదండ్రులిద్దరి సమ్మతితో, పరస్పర సంప్రదింపుతో జరగాలని సూచిస్తుంది. పుట్టిన బిడ్డకు పాలు మాన్పించడానికే ఇద్దరి మాట కలవాలంటే, బిడ్డను ఎప్పుడు కనాలన్న విషయంలో ఇద్దరూ మాట్లాడుకోవడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. దైవప్రవక్త (సఅసం) కాలంలో సహాబాలు అజ్ల్ పద్ధతి ద్వారా గర్భాన్ని వాయిదా వేసుకున్నారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుసు. అయితే దానికి భార్య అనుమతి ఉండాలని హనఫీ ఫఖీహులు సాధారణంగా షరతు పెట్టారు. సంతానం ఆమె హక్కు కూడా అన్నదే దీని వెనుక ఉన్న ఆలోచన.

మన కాలంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఈ అంశాన్ని చర్చించింది. 1988 డిసెంబరులో ఆ సమావేశం జరిగినది, మనవారు ఉపాధికి వెళ్లే ఆ కువైట్‌లోనే. అవసరం లేకుండా శాశ్వతంగా సంతానశక్తిని తొలగించుకోవడం తగదనీ, కాన్పుల మధ్య ఎడం కోసమో, ధర్మసమ్మతమైన మరో అవసరం కోసమో భార్యాభర్తలు పరస్పరం సంప్రదించుకొని, హాని లేని మార్గంలో తాత్కాలికంగా వాయిదా వేసుకోవచ్చుననీ అకాడమీ తీర్మానించింది. చట్టం పేరిట దంపతుల స్వేచ్ఛను హరించడాన్ని కూడా అది అంగీకరించలేదు. ఆ చివరి మాట మనకూ వర్తిస్తుంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. 2024 నవంబరులో మన శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. ఇప్పుడు ఎక్కువమందిని కనండని పాలకులే కోరుతున్నారు. ముప్పయ్యేళ్లలో ప్రభుత్వాల మాట ఇటు నుండి అటు మారింది. బిడ్డను మోసేది, పెంచేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆ ఇల్లే.

కారణమేదైనా సరే, ముప్పయ్యయిదు దాటాక తల్లి కాబోతున్న సోదరి భయపడవలసిన పనిలేదు. జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ వయసులో రక్తపోటు, గర్భకాలపు మధుమేహం, గర్భస్రావం వచ్చే అవకాశం పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం తల్లికి పాతికేళ్లప్పుడు సుమారు 1,250 మందిలో ఒకరికి, ముప్పయ్యయిదుకు సుమారు 350 మందిలో ఒకరికి, నలభైకి సుమారు 100 మందిలో ఒకరికి ఉంటుంది. నలభైలోనూ నూటికి తొంభై తొమ్మిది మందికి ఆ సమస్య ఉండదన్నది కూడా ఇందులోని సత్యమే. గర్భానికి కనీసం నెల ముందు నుండి ఫోలిక్ ఆమ్లం బిళ్లలు, రక్తహీనత, థైరాయిడ్, చక్కెర పరీక్షలు అవసరం. దగ్గరి రక్తసంబంధంలో నికాహ్ అయినవారు తలసీమియా పరీక్ష గురించి కూడా వైద్యులను అడగాలి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి పెద్దాసుపత్రులకు పంపడం కూడా అక్కడే జరుగుతుంది.

భర్తల విషయానికి వస్తే, మేము ఒక మాట స్పష్టంగా చెప్పదలచాము. సంతానలేమి కేసులలో దాదాపు సగంలో పురుషుని వైపు కారణం కూడా ఉంటుంది. పొగాకు, గుట్కా, అధిక వేడిలో గంటల తరబడి పని, అదుపులేని మధుమేహం వీర్యకణాలకు చేటు చేస్తాయి. వీర్య పరీక్ష చవకైనది, నొప్పి లేనిది, ఒకటి రెండు రోజులలో ఫలితం తెలిసేది. భార్యకు స్కానింగులు, రక్త పరీక్షలు, తాయెత్తులు, ఆకుమందులు అన్నీ అయిన తర్వాత కూడా ఈ ఒక్క పరీక్షకు సిద్ధపడని మగవారు ఉన్నారు. ఆ పరీక్ష జరగకుండానే ‘పిల్లలు లేరు కాబట్టి’ రెండో నికాహ్ మాట, తలాఖ్ మాట ఎత్తే పెద్దలూ ఉన్నారు. సాక్ష్యం వినకుండా తీర్పు చెప్పడాన్ని ఏ ఖాజీ అంగీకరిస్తాడు? మరి ఇంట్లో దానిని మనం ఎలా అంగీకరిస్తున్నాము?

చికిత్స అవసరమైన దంపతులకు మార్గం మూసుకుపోలేదు. నికాహ్ కొనసాగుతున్న కాలంలో భర్త వీర్యం, భార్య అండంతోనే జరిగే ఐవీఎఫ్ చికిత్సను అవసరమైనప్పుడు తగిన జాగ్రత్తలతో అనుసరించవచ్చునని అదే ఫిఖ్హ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో తీర్మానించింది. మూడో వ్యక్తి అండాన్ని గాని, వీర్యాన్ని గాని, గర్భాన్ని గాని అనుమతించలేదు. కాబట్టి మా ఇద్దరివి తప్ప మరెవరివీ వాడరాదని దంపతులు ఆసుపత్రిలో సమ్మతి పత్రం మీద సంతకం చేసే ముందే స్పష్టంగా రాయించుకోవాలి. మనదేశంలో 2021 నాటి చట్టం ఈ చికిత్సకు స్త్రీకి యాభై, పురుషునికి యాభై అయిదేళ్ల పరిమితి విధించింది. దానికి రెండేళ్ల ముందు, 2019 సెప్టెంబరులో, డెబ్బై ఏళ్లు దాటిన ఒక తల్లి గుంటూరు ఆసుపత్రిలో ఈ పద్ధతిలోనే కవల ఆడపిల్లలకు జన్మనిచ్చింది. దశాబ్దాల పాటు పిల్లలు లేరన్న మాటలు పడిన ఆమె సంతోషాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయినా ఆ పిల్లలను ఎవరు పెంచుతారని వైద్యులలోనే ప్రశ్న వచ్చింది. ఆ వయసులో కూడా అంత ప్రమాదానికి ఒక స్త్రీని సిద్ధపరచిన ఆ మాటల బరువు ఎంతటిదో కూడా ఆలోచించవలసి ఉన్నది.

ముసలితనంలో సంతానం పొందిన హజ్రత్ జకరియ్యా (అలై), హజ్రత్ ఇబ్రాహీం (అలై) గాథలను మనం తరచు వింటాము. జకరియ్యా (అలై) తన ఎముకలు బలహీనమయ్యాయనీ, తల నెరిసిందనీ దాచకుండా చెప్పుకొని, తన ప్రభువును రహస్యంగా వేడుకున్నారు. ఆ గాథ మనకు ఆశను ఇస్తుంది. ఆలస్యం చేయడానికి అనుమతి పత్రం మాత్రం కాదు. అష్షూరా సూరాలో కొందరికి ఆడపిల్లలను, కొందరికి మగపిల్లలను, కొందరికి ఇరువురినీ ప్రసాదించే అల్లాహ్‌యే కొందరిని సంతానం లేనివారిగా ఉంచుతాడన్న బోధ ఉన్నది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)కు పిల్లలు లేరు. అక్క కొడుకు అబ్దుల్లాహ్ పేరు మీద ఆమెను ‘ఉమ్మె అబ్దుల్లాహ్’ అని పిలిచేవారు. ఉమ్మత్‌కు ధర్మాన్ని నేర్పిన ఆ మహనీయురాలి ఘనతకు ఎవరూ లోటు చూడలేదు.

కాబట్టి కొన్ని మాటలు. పెళ్లి మాటలు కుదిరేటప్పుడు మహర్ గురించి మాట్లాడినట్లే, భర్త ఎన్నాళ్లు దూరాన ఉంటాడన్నదీ, పిల్లల విషయం ఏమనుకుంటున్నారన్నదీ అబ్బాయి, అమ్మాయి మాట్లాడుకొనేటట్లు పెద్దలు చూడాలి. వచ్చే చుట్టీకి టిక్కెట్టు తీసుకొనే ముందు దంపతులు ఫోనులోనే నిర్ణయించుకోవాలి. ఈసారి బిడ్డ కావాలా, వద్దా? కావాలంటే నెలసరి తేదీలు చూసి సెలవు పెట్టాలి. పరీక్షలు ఇద్దరూ కలిసి చేయించుకోవాలి. భార్యకు ముప్పయ్యయిదు దాటి ఉంటే, కలిసి ఉన్న ఆరు నెలలలో ఫలితం లేకపోతే ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. నలభైలో తండ్రి అయినవాడు బిడ్డ డిగ్రీ పూర్తిచేసే నాటికి తనకు అరవై దాటుతుందని గుర్తుంచుకొని, ఇప్పటి నుండే కొంత పొదుపు వేరుగా ఉంచాలి.

ఇంటి పెద్దలైన అత్తమ్మలకు, జేజిలకు మా వినతి ఒక్కటే. కోడలిని ‘విశేషమేమైనా ఉందా?’ అని అడగాలనిపించినప్పుడు, ముందు మీ అబ్బాయికి ఫోను చేసి ‘ఎప్పుడు వస్తున్నావు నాయనా?’ అని అడగండి. ఆ జవాబులో మీ మొదటి ప్రశ్నకు సగం సమాధానం ఉంటుంది.

సంతానం ఉన్నవారికి దానిని సక్రమంగా పెంచే శక్తిని, ఎదురుచూస్తున్నవారికి సహనాన్ని, శుభాన్ని, లేనివారికి మనశ్శాంతిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.