నీటికి దారి

ఎచ్చెర్ల దగ్గర జోరువాన. కారు అద్దాలన్నీ మూసే వున్నాయి. అయినా ముందు సీటులో మా ఆవిడ పాదాలు తడిశాయి. "కారు కొన్నారా, పడవ కొన్నారా?" అంది.

అద్దం చుట్టూ వున్న రబ్బరే కారుతోందని నా నిశ్చయం. మేస్త్రీ నవ్వి, వైపర్లు విప్పి, అద్దం దిగువ నల్ల ప్లాస్టిక్ పలక ఎత్తాడు. కింది స్పాంజి పట్టీలు ముట్టుకుంటే పొడి! కాలువనిండా వేపాకు. అద్దంమీంచి జారిన నీటిని ఆ పట్టీలే రెండు పక్కల కన్నాలకు మళ్లించాలట. అవి లేక నీరు గాలి పీల్చే నోట్లో పడి, ఫ్యానులోంచి కాళ్లమీదికి దిగుతోంది.

"ఫేను మోటారు కాలిపోనేదు, నయం బాబూ!"

నా తెలివికొద్దీ కన్నాలు కూడా మూసెయ్యమన్నాను.

"మూసెత్తే నీరు ఎటెల్తాది బాబూ?"

నిజమే. చెరువుకు గట్టెంతో అలుగూ అంతే.

ఆకులు తీసి, పాత జిగురు గోకి, తుడిచి ఆరబెట్టి, నీరు పీల్చని స్పాంజి అదే మందంలో అంటించాడు. చెంబెడు నీళ్లు పోస్తే ముందు చక్రాల వెనక రెండు ధారలు కట్టాయి. 2014లో హుద్‌హుద్‌నూ, 2018లో తిత్లీనీ చూసినవాళ్లం. వానలకు ముందే మీరూ ఓ చెంబెడు పోసి చూడండి.

మా ఆవిడ మాత్రం మబ్బు పట్టిందంటే చెప్పులు చేత పట్టుకొనే కారెక్కుతోంది.