మోత తీసేస్తే ఏం మిగిలింది?

పదో తరగతి పిల్లాడున్న ఇంట్లో ఈ మాట వినపడక మానదు: "ఏంట్రా ఆ మోత? అదీ ఒక పాటేనా?" వాడు చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటాడు. మాటలు అక్కడితో సరి.

ఆ మోతలో ఒక రకానికి ఇండస్ట్రియల్ రాక్ అని పేరు. మిల్లులో మరలు తిరుగుతున్నట్టు, రేకులు కోస్తున్నట్టు ఉంటుంది. 1994లో 'నైన్ ఇంచ్ నెయిల్స్' ట్రెంట్ రెజ్నర్ తెచ్చిన 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' ఇందులో పేరుమోసిన ఆల్బమ్. దేవుణ్ణి, మనుషుల్ని, చివరికి తనను తానే అసహ్యించుకుంటూ మెట్టుమెట్టుగా పతనమయ్యే ఒక మనిషి కథ. బూతులూ ఉన్నాయి. తల్లిదండ్రులు కంగారుపడ్డారంటే పడరూ మరి! పైగా దాన్ని చాలావరకు రికార్డు చేసింది, 1969లో నటి షారన్ టేట్ హత్య జరిగిన లాస్ ఏంజిలిస్ ఇంట్లో. మా అక్క చావును వాడుకుంటున్నావా అని షారన్ చెల్లెలు అడిగాకే తనకు కళ్లు తెరుచుకున్నాయని తర్వాత రెజ్నరే చెప్పుకున్నాడు.

2002లో చిత్రం జరిగింది. డెబ్బై ఏళ్ల జానీ క్యాష్, ఆరోగ్యం చెడిపోయి గొంతు వణుకుతుండగా, ఆ ఆల్బమ్‌లోని చివరి పాట పాడాడు. గిటారు, పియానో తప్ప పెద్ద హంగు లేదు. ఒక బూతు మాట మార్చాడు. అంతే, అది ముసలితనంలో వెనక్కి చూసుకునే మనిషి పశ్చాత్తాపమైంది. మరుసటేడు ఆయన కన్నుమూశాడు. మోత తీసేసినా పాట మిగిలింది. అంటే అందులో బాధ నిజమే.

మన నంద్యాల సీమ పాటకూ ఈ పరీక్ష పెట్టి చూద్దాం. 2019 నాటి 'సైరా నరసింహారెడ్డి' సినిమాలో గుర్రాలు, ఫిరంగులు హాలంతా హోరెత్తించాయి. ఆ హోరు పక్కన పెట్టండి. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడలో, పెద్దల జాగీరు పోయి, నెలకు పదకొండు రూపాయల చిల్లర తవర్జీ మీద బతుకుతున్న పాలెగాడు కనిపిస్తాడు. ఆ కాస్త భరణం దగ్గరే అవమానం జరిగిందంటారు. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరి తీశారు. తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు.

చూసిన జనం హడలిపోవాలని దొరల లెక్క. జనమేమో పాటలు కట్టుకున్నారు. తల ముప్పై ఏళ్లు వేలాడితే, పాట నూటయాభై ఏళ్లు దాటి వచ్చింది. ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావు రేనాట తిరిగి ఆ పాటల్ని సేకరించబట్టి 'రేనాటి సూర్యచంద్రులు' పుస్తకంలో మనకు దక్కాయి. అయితే పుస్తకంలో అక్షరాలుంటాయి గానీ గొంతు ఉండదు కదా! ఆ గొంతులున్న పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

అందుకే ఈ ఆదివారం ఒక పని చేయండి. జానీ క్యాష్ పాట పెట్టమని మీవాణ్ణి అడిగి, పక్కన కూర్చుని వినండి. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. తర్వాత వాణ్ణి తాతయ్య దగ్గరకో, ఊళ్లో కోలాటం పాటలు తెలిసిన అవ్వ దగ్గరకో తీసుకెళ్లండి. నరసింహారెడ్డి పాట ఒక్క చరణం గుర్తున్నా చాలు, పాడించండి. వాడి చేతిలో ఎలాగూ సెల్‌ఫోన్ ఉంటుంది. రికార్డు చేయమనండి.