ల్యాప్‌టాప్ కొనేటప్పుడు చూడవలసింది పలుచనా, మన్నికా?

ఇంజినీరింగు కౌన్సెలింగు ముగిసి కళాశాలలు తెరిచే రోజులు వచ్చాయంటే చంద్రగిరి బస్టాండులో ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని రైతులు తిరుపతి బస్సు ఎక్కుతుంటారు. ల్యాప్‌టాప్ కొనడానికి. కొందరి జేబులో పాలడబ్బులు, మరికొందరి జేబులో నగ కుదువబెట్టి తెచ్చిన డబ్బు. 40 వేల రూపాయలంటే ఇక్కడి సన్నకారు రైతుకు చిన్న మొత్తం కాదు.

అంగట్లో అమ్మే కుర్రవాడు మొదట చెప్పే గొప్పలు రెండు. ఒకటి, యంత్రం పలకలాగా ఎంత పలుచగా ఉందో. రెండు, తెరను వేలితో తాకితే చాలు, ఎలా పనిచేస్తుందో. పిల్లలు ముచ్చటపడతారు. తండ్రి కాదనలేడు. అయితే ఈ రెండింటి కోసం ఎక్కువ డబ్బు పెట్టడం వల్ల మన పిల్లల చదువుకు కలిగే మేలెంత? ఇది తీరికగా ఆలోచించవలసిన విషయం.

మా వీధిలోని రైతు ఒకరు తన కూతురికి ఇలాగే పలుచని, టచ్ స్క్రీన్ గల ల్యాప్‌టాప్ కొన్నారు. ఏడాది వారంటీ ముగిసిన నాలుగో నెలలో, బస్సు రద్దీలో సంచి నలిగి తెర చిట్లింది. నిజానికి చిట్లింది పై అద్దమే. కాని ఆ అద్దాన్నీ, కింది తెరనూ ఒకటిగా అతికించి ఉన్నందువల్ల రెండూ మార్చాలన్నారు. కొన్న ధరలో దాదాపు సగం అవుతుందన్నారు. "పలచగా ఉంటే మేలనుకుంటిమి అన్నా. బిడ్డ మోసేదానికి సులువని తెస్తిమి. ఇప్పుడు బాగు చేయించేదా, పక్కన పెట్టేదా తెలియకుండా ఉండాది" అని ఆయన వాపోయారు. పరీక్షల ముందు నెల రోజులు ఆ అమ్మాయి స్నేహితురాలి గదికి పోయి ప్రాజెక్టు పని చేసుకుంది.

పలుచన ఊరికే రాదు. దానికోసం లోపల చాలా వదులుకోవలసి ఉంటుంది. వెనకటి ల్యాప్‌టాప్‌లలో అడుగున గొళ్లెం నొక్కితే బ్యాటరీ ఊడి వచ్చేది. కొత్తది తెచ్చి మనమే తగిలించుకునేవాళ్లం. ఇప్పుడు బ్యాటరీని లోపల బిగిస్తున్నారు, కొన్నింటిలో జిగురుతో అతికిస్తున్నారు. ర్యామ్‌ను చాలా పలుచని యంత్రాల్లో బోర్డుకే టంకం పెట్టి అంటిస్తున్నారు. రెండేళ్ల తర్వాత 8 జీబీ చాలక 16 జీబీ కావాలంటే మొత్తం యంత్రాన్నే మార్చుకోవాలి. లోపల చోటు తక్కువైతే ఫ్యాను చిన్నదవుతుంది. వేడి బయటకు పోదు. వేడెక్కినప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 40 డిగ్రీలు దాటే మన తిరుపతి ఎండల్లో, రేకుల కింద చదువుకునే పిల్లవాడికి ఈ తేడా తెలిసివస్తుంది.

ఇది మన ఊరి బాధ మాత్రమే కాదు. ప్రపంచంలో పేరుమోసిన యాపిల్ కంపెనీ 2008లో తన పలుచని ల్యాప్‌టాప్‌ను కాగితాల కవరులోంచి బయటకు తీసి చూపించింది. అప్పటినుంచి కంపెనీలన్నీ పలుచన పందెంలో పడ్డాయి. 2015లో అదే కంపెనీ 13 మిల్లీమీటర్ల యంత్రం తెచ్చింది. అంత పలుచన కోసం మీటల కింది అమరికనే మార్చివేసింది. ఆ మీటల సందున దుమ్ము చేరితే ఇరుక్కుపోతున్నాయని కొన్నవారు గగ్గోలు పెట్టారు. 2018లో కంపెనీ ఉచితంగా బాగుచేసి ఇస్తామని ప్రకటించవలసి వచ్చింది. 2019 చివరినుంచి పాత పద్ధతి మీటలకే తిరిగి వచ్చింది. అమెరికాలో కొనుగోలుదారులు వేసిన దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. 2021లో వచ్చిన దాని 16 అంగుళాల యంత్రం మునుపటికన్నా కాస్త మందమైంది. తీసివేసిన హెచ్‌డీఎంఐ రంధ్రం కూడా తిరిగి వచ్చింది. అద్దాల గదుల్లో వాడేవారికే దుమ్ము బాధ తప్పకపోతే, వేసవిగాలికి ఇల్లంతా మట్టి కొట్టుకునే మన పల్లెల సంగతి చెప్పాలా?

ఇక తాకుడు తెర. చేతిలో పట్టుకునే ఫోనుకు, ట్యాబుకు అది ఎంతో అనువు. చదువురాని అవ్వ కూడా మనవడితో వీడియోలో మాట్లాడగలుగుతున్నదంటే అది టచ్ స్క్రీన్ చలవే. కాని ఎదురుగా నిలబడి ఉండే ల్యాప్‌టాప్ తెర వేరు. మాటిమాటికీ చెయ్యి చాచి తాకుతుంటే కాసేపటికే భుజం లాగుతుంది. యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ 2010లోనే ఈ మాట చెప్పారు. 2012లో మైక్రోసాఫ్టు తాకుడు తెరనే నమ్ముకుని విండోస్ 8 తెచ్చింది. అలవాటైన స్టార్ట్ మీట కనిపించక జనం తికమకపడ్డారు. మరుసటి ఏడే దాన్ని తిరిగి తేవలసి వచ్చింది. ప్రోగ్రాములు రాసే విద్యార్థికీ, లెక్కలు వేసే గుమాస్తాకూ పని జరిగేది మీటల మీదనే.

మన రాష్ట్రంలో అమ్మఒడి నగదుకు బదులు ల్యాప్‌టాప్ ఇస్తామని 2021లో ప్రకటన వచ్చింది. ఆ తర్వాత 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు 5 లక్షల 18 వేల ట్యాబులు పంచే కార్యక్రమం మొదలైంది. పాఠం చూడడానికి ట్యాబు పనికివచ్చే మాట వాస్తవం. కాని ఒక వ్యాసం రాయాలన్నా, ఒక ప్రోగ్రాము దిద్దాలన్నా మీటలు కావాలి. పొరుగున తమిళనాడు 2011లో ప్లస్ టూ విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు పంచడం ప్రారంభించింది. అవి పలుచనివీ కావు, తాకుడు తెరవీ కావు. మామూలు యంత్రాలే. వాటితోనే పిల్లలు చదువుకున్నారు.

పలుచని యంత్రాలను ఎవరూ కొనకూడదని కాదు. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో నిలబడి పోయే అమ్మాయికి కిలోన్నర బరువుకూ రెండున్నర కిలోలకూ తేడా లేదనలేము. అయితే చూడవలసింది బరువు. పలుచన వేరు, బరువు వేరు. సంచిలో పెట్టి భుజాన వేసుకుని చూస్తే తెలుస్తుంది. బొమ్మలు గీసేవారికి, మీటలు నొక్కలేని వికలాంగులకు తాకుడు తెర అవసరమే. తక్కినవారు ఆ డబ్బును ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డికి, అదనపు వారంటీకి పెట్టుకోవడం మేలు.

కాబట్టి అంగట్లో అయిదు ప్రశ్నలు అడగండి. బ్యాటరీ మార్చవచ్చునా, ఎంత అవుతుంది? ర్యామ్ పెంచుకునే చోటు ఉందా? తెర పగిలితే ఖర్చెంత? సర్వీసు తిరుపతిలోనే ఉందా, మద్రాసుకు పంపాలా? జిరాక్సు అంగట్లో వాడే పెన్ డ్రైవు నేరుగా దూరుతుందా, వేరే ముక్క కొనాలా? జవాబులు బిల్లు వెనక రాయించుకుంటే ఇంకా మంచిది.

కళాశాలల యాజమాన్యాలకు కూడా ఒక బాధ్యత ఉంది. ఏ కోర్సుకు ఎలాంటి యంత్రం చాలునో ప్రవేశాల సమయంలోనే నోటీసు బోర్డులో పెడితే ఎన్నో కుటుంబాలకు అప్పు తగ్గుతుంది. ఏర్పేడు మండలం వికృతమాలలో టీవీలకు, ఫోన్లకు తెరలు తయారుచేసే కర్మాగారం వచ్చింది. తెరలు తయారుచేసే జిల్లాలో వాటిని బాగుచేసే పని ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో ఎక్కువమందికి నేర్పించడం అసాధ్యం కాదు. ప్రభుత్వం రేపు మళ్లీ యంత్రాలు పంచదలిస్తే, బ్యాటరీ, ర్యామ్ సులువుగా మార్చగలిగినవే కావాలని టెండరులో రాయాలి.

మన కోటలోని రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. చూడవచ్చినవారు దాని అందాన్ని మెచ్చుకుంటారు. అన్ని వందల ఏళ్లు అది నిలిచింది మాత్రం కట్టుబడి వల్ల. నాలుగేళ్ల చదువుకు కొన్న యంత్రం నాలుగేళ్లూ నిలవాలని కోరడం అత్యాశ కాదు.